అవ్వ కొట్టేయించిన పని

ఆ రోజుల్లో మా బోధన్ దిక్కున పని వచ్చినవాళ్లకు కొదవ లేదు గాని, ఏ పని వచ్చో కాగితం మీద పెట్టమంటే మాత్రం చెమటలు పట్టేవి. నా విషయంలో ఇంటిల్లిపాదికీ పట్టాయి. నిజామాబాద్‌లో రోడ్ల పక్క చెట్లను చూసుకునే కచేరీలో మనిషి కావాలన్నారు. చెరుకు కొట్టే కాలం అయిపోతే ఖాళీ చేతులతో తిరిగే నాకు, ఏడాది పొడుగునా జీతమంటే రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే.

దరఖాస్తు రాసే భారం మా బావ మీద పడింది (ఊళ్లో అందరి ఉత్తరాలూ ఆయనే రాసేవాడు). చెట్టెక్కడం, గొడ్డలితో ఎండుకొమ్మలు కొట్టడం, మామిడికి పట్టిన బదనిక తీయడం, పాదులు చేసి నీళ్లు పోయడం, ఆకులు ఊడ్వడం అని నాకొచ్చినవన్నీ ఏకరువు పెట్టాను. సిరా ఆరకముందే కొట్టివేతలు మొదలయ్యాయి. గొడ్డలిని బాపు (మా నాన్న) తీయించాడు. అది రాస్తే ఇంట్లో ఉన్న ఒక్క గొడ్డలీ తెచ్చుకోమంటారని ఆయన భయం. సర్కారు చెట్లకు రోగాలున్నాయంటే సారుకు కోపమొస్తుందని అక్క బదనికను తీయించింది. చెట్టెక్కడం దగ్గరికొచ్చేసరికి అవ్వ (మా దిక్కు అమ్మను అట్లాగే పిలుస్తాం) పొయ్యి ముందు నుంచి లేచొచ్చింది.

"చెట్టెక్కుడొస్తదని రాస్తే ఎక్కిస్తరు బిడ్డా. గది తీసెయ్," అన్నది.

చివరికి నీళ్లు పోయడం, ఆకులు ఊడ్వడం మిగిలాయి. (నీడలో కూర్చోవడం కూడా రాద్దామన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు.)

కచేరీకి అవ్వ కూడా వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన సారు కాగితం చదివి, చెట్టెక్కడం రాదా అని అడిగారు. వచ్చుగాని మా అవ్వ కొట్టేయించిందన్నాను. ఆయన నవ్వాపుకొని గేటు దగ్గరున్న అవ్వను పిలిపించి, ముందున్న వేపచెట్టు చూపించి, ఎక్కితేనే పని అని చెప్పారు. అవ్వ చెట్టును చూసింది, నన్ను చూసింది. కాసేపటికి తాడు అడిగింది. నిండు చెరుకు బండికి మోకు కట్టే ముడి ఒకటుంది. బండి ఎన్ని గుంతల్లో పడినా జారదు. ఆ ముడి నా నడుముకు వేసి, తాడును పై కొమ్మ మీదుగా తిప్పించి, రెండో కొస మొదలుకు చుట్టి తానే పట్టుకుంది. నేను కచేరీ గొడ్డలితో ఎండుకొమ్మ కొట్టి దిగేదాకా (బాపు గొడ్డలి ఇంట్లో క్షేమం) వదలలేదు.

సారు నన్ను చూడనే లేదు. ముడిని తిప్పి తిప్పి చూసి, "ఈ ముడి మీ అబ్బాయికి కూడా వచ్చా అమ్మా?" అన్నారు.

"ఎందుకు రాదు సారూ? మా బండ్లకు మోకు వాడే కడ్తడు. గదిగూడ ఒక పనేనా అని రాయలే."

సారు కలం తీసి, దరఖాస్తు చివర తానే 'తాడు కట్టడం' అని చేర్చారు. ఉద్యోగం వచ్చింది.

తర్వాత ఒక వానాకాలం నా కాలి కింద కొమ్మ విరిగితే ఆ ముడే నన్ను గాలిలో నిలబెట్టింది (అవ్వకు ఆ సంగతి చెప్పనే లేదు; చెబితే మర్నాడే మాన్పించేది). ముడి వేసిన అవ్వకూ, దాన్ని కూడా పనిగా గుర్తించిన ఆ సారుకూ ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఇప్పుడు పీట ఎక్కాలన్నా నాకు గోడ ఆసరా కావాలి. మొన్న మనవడు బల్బు మార్చడానికి స్టూలెక్కితే తాడు కోసం ఇల్లంతా వెతికాను. వాడు పగలబడి నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకొని, తాడు దొరక్క, వాడు దిగేదాకా చొక్కా అంచు పట్టుకొని నిలబడ్డాను.