నా సైకిలూ, ఆయన కాపలా

మా తోడికోడలు పెళ్లై కిషన్‌బాగ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు తనతోపాటు ఒక రోడ్డు సైకిలు తెచ్చుకుంది. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. వాళ్ల నాన్నగారు కోస్తా నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబులో ఉద్యోగం చేశారు. అక్కడి క్వార్టర్స్ రోడ్ల మీద ఆమె తొక్కడం నేర్చుకుని, కాలేజీ తరఫున పోటీలకు కూడా వెళ్లింది. మా ఇంట్లో ఆ సైకిలుకు లోటేమీ జరగలేదు. మేడ మీద గోడకు కొక్కేలు కొట్టి, ఎండ తగలకుండా వేలాడదీశారు. కొన్నాళ్లకు దాని హ్యాండిలు మీద తువ్వాళ్లు ఆరేయడం మొదలైంది. ఆరేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మా వాళ్లది తాతల నాటి నుంచి చార్మినార్ దగ్గర బట్టల హోల్‌సేల్ వ్యాపారం. మగవాళ్లు పొద్దున దుకాణానికి వెళితే రాత్రికి వస్తారు. ఆడవాళ్లం ఇంట్లో ఉంటాం, మోకాళ్ల నొప్పులు తెచ్చుకుంటాం. నలభై దాటాక నా వంతూ వచ్చింది. షుగరు కూడా అంచున ఉందని, రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది. నడిచాను. కానీ మా గల్లీలో ప్రతి గుమ్మం దగ్గరా ఎక్కడికి పోతున్నావని అడుగుతారు. ఎక్కడికీ కాదు, ఊరికే నడుస్తున్నానంటే ఇంట్లో ఏదో గొడవ జరిగిందనుకుని లోపలికి పిలిచి చాయ్ ఇస్తారు. అలా ఆ నెలలో నేను కొంచెం బరువు పెరిగాను.

ఒక సాయంత్రం తువ్వాళ్లు తీస్తూ తోడికోడలిని అడిగాను. "దీన్ని తొక్కుడు నాకు అస్తదా?"

"ఎందుకు రాదక్కా? చిన్నప్పుడు సైకిలు తొక్కారుగా?"

"తొక్కిన. ఎట్ల ఆపాలె అన్నది మాత్రం యాదికి లేదు."

"అయితే ముందు ఆపడమే నేర్చుకుందాం," అంది ఆమె. ఆ రాత్రే తువ్వాళ్లకు వేరే తీగ కట్టింది. సైకిలు దింపి, నా ఎత్తుకు సీటు సరిచేసి, టైర్లు, బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించింది. తన కోసం పుట్టింట్లో ఉన్న పాత సైకిలు తెప్పించుకుంది.

విషయం తెలిశాక మా ఇంట్లో అందరికీ నా క్షేమం మీద ఒక్కసారిగా శ్రద్ధ పుట్టింది. మా అత్తగారికి క్షేమమంటే చున్నీ. చున్నీ సైకిలు గొలుసులో ఇరుక్కుంటే మెడకే ప్రమాదమని, వదులుగా వేలాడేది ఏదీ ఒంటి మీద ఉండకూడదని తోడికోడలు చెప్పింది. చున్నీ లేకుండా గల్లీ దాటితే అంతకంటే పెద్ద ప్రమాదమని అత్తగారు చెప్పారు. చివరికి గల్లీ మలుపు దాకా చున్నీ వేసుకుని సైకిలును నడిపించుకుంటూ పోవాలని, మలుపు తిరిగాక అది సంచీలోకి వెళ్లాలని ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిరింది. నన్నెవరూ అడగలేదు. సైకిలు హెల్మెట్ చూసి మాత్రం అత్తగారు, "గిదేంది, జల్లెడ బోర్లిచ్చినట్టున్నది," అన్నారు. కనుబొమల మీదికి రెండు వేళ్ల దూరంలో అది కూర్చునేలా, గడ్డం కింద పట్టీలో ఒక్క వేలు మాత్రమే దూరేలా తోడికోడలు బిగించింది. అత్తగారు అది కూడా దగ్గరుండి చూశారు.

మా ఆయనకు క్షేమమంటే ఉపన్యాసం. "రోడ్డు మీద ఎంత డేంజర్ ఉంటదో నీకు ఎరికేనా? నేను దినాం పోతున్న, నాకు ఎరిక," అన్నారు. అది నిజమే. ఆయన రోజూ స్కూటర్ మీద చార్మినార్ దాకా పోయి వస్తారు. హెల్మెట్ కూడా తీసుకెళతారు, అద్దానికి తగిలించి. పోలీసులు నిలబడే చౌరస్తా రాగానే నెత్తిన పెట్టుకుని, దాటగానే మళ్లీ అద్దానికి తగిలిస్తారు. ఇన్నేళ్లలో ఆ అద్దానికి చిన్న గీత కూడా పడలేదు.

మా పాఠాలు దగ్గరలోని మైదానంలో, తెల్లవారాక మొదలయ్యాయి. బ్రేకు రెండు చేతులతో కలిపి పట్టాలి, పడుతూ నడుమును సీటు వెనక్కి జరపాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే సైకిలు ఆగుతుంది, మనం ఆగం. వెనక్కి తిరిగి చూసినా హ్యాండిలు పక్కకు లాగకూడదు. గేరు తేలికగా ఉంచుకుని కాళ్లు గిరగిరా తిప్పాలి. బరువు గేరులో నొక్కుకుంటూ పోతే, డాక్టరమ్మ దగ్గర మొదలైన కథ మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే వస్తుంది. నోటితో చెబితే అన్నీ చిన్న విషయాలే. నేను మాత్రం వెనక్కి చూసిన ప్రతిసారీ ఎటు చూస్తే అటే పోయేదాన్ని.

అక్కడ నడకకు వచ్చే పెద్దమనుషులు కొందరు ఉండేవారు. మొదట్లో మొహమాటపడి పక్కకు చూసేవారు. తర్వాత నడక మానేసి నన్నే చూసేవారు. తొక్కుతూనే సీసా అందుకుని నీళ్లు తాగడం నేర్చుకుంటూ ఒకరోజు నేను పడిపోయినప్పుడు, వాళ్లలో తెల్లగడ్డం ఉన్నాయన పరుగున వచ్చి సైకిలు లేపాడు. ముందు దిగడం నేర్చుకో బేటీ, నీళ్లు తర్వాతైనా తాగొచ్చని ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు. మోచేయి గీసుకుపోయింది. ఇంట్లో అడిగితే తలుపు తగిలిందని చెప్పాను. మా ఇంటి తలుపులను అనుమానించేవాళ్లు ఎవరూ లేరు.

మొత్తానికి ఒక ఆదివారం రోడ్డు ఎక్కే రోజు వచ్చింది. జూపార్కు పక్క నుంచి ఆరాంఘర్ మీదుగా రాజేంద్రనగర్ దాకా వెళ్లి, చెట్ల నీడ ఉన్న ఆ రోడ్డు మీద కాసేపు తొక్కి తిరిగి రావాలని తోడికోడలు అనుకుంది. ముందు రోజు సాయంత్రమే నాకు అన్నీ చెప్పింది. మురుగు కాలువ మూతల సందుల్లో మన సన్న టైరు ఇరుక్కుంటుంది కాబట్టి వాటిని ముందే చూసుకోవాలి. నీళ్లు నిలిచిన చోట లోతు తెలియదు. ఆగి ఉన్న ఆటోలకు, కార్లకు తలుపు తెరుచుకునేంత దూరం వదలాలి. బస్సుకు ఎడమ పక్క దూరకూడదు. రోడ్డు అంచుకు భయపడుతూ పోకుండా, తిన్నగా, అందరికీ కనపడేలా పోవాలి.

ఇదంతా గుమ్మంలో నిలబడి విన్న మా ఆయన, "నేను స్కూటర్ మీద ఎనుక వస్త. ఎవరన్న డాష్ ఇస్తే ఎట్ల?" అన్నారు.

"వద్దు బావగారూ, వెనక హారన్ వింటే అక్క కంగారుపడతారు," అంది తోడికోడలు.

"నేను హారన్ కొట్టనే కొట్ట."

ఆయన మొదటి హారన్ మా గల్లీ మలుపులోనే, నేను చున్నీ మడతపెడుతుండగా కొట్టారు.

తోడికోడలు ముందు, నేను మధ్యలో, ఆయన వెనక. గుంత వస్తే తోడికోడలు చేయి చాపి చూపించేది, నేను తప్పించుకునేదాన్ని, నేను దాటాక వెనక నుంచి ఆయన "గుంత, గుంత" అని అరిచేవారు. ఆ అరుపుకు ఉలిక్కిపడి నేను నిజంగానే పక్కకు పోయేదాన్ని. జూపార్కు దగ్గరికి వచ్చేసరికి ఆయన వెనక ఉండడం చాలదనుకుని నా పక్కకు వచ్చారు. నాకూ మిగతా బండ్లకూ మధ్య తాను గోడలా నిలబడితే మంచిదని ఆయన ఆలోచన. దాంతో నేను అంచున మట్టిలోకి జరిగాను. వెనక బండ్లు బారులు తీరాయి. ఒక ఆటో డ్రైవర్ పక్కకు వచ్చి ఓపిగ్గా చెప్పాడు.

"భాయ్, ఆమె మంచిగనే పోతున్నది. నువ్వే అడ్డం అస్తున్నవ్."

"నేను సేఫ్టీ కోసం వస్తున్న."

"ఎవ్వరి సేఫ్టీ?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయాడు. మా ఆయన మొహం ముడుచుకుని మళ్లీ వెనక్కి తగ్గారు.

ఆరాంఘర్ దాటి రాజేంద్రనగర్ రోడ్డు ఎక్కాక గాలి చల్లబడింది. కాళ్లు వాటంతట అవే తిరుగుతున్నాయి. ఒక్కసారి సీసా తీసి, తొక్కుతూనే నీళ్లు తాగి మళ్లీ పెట్టేశాను. ఎవరూ చూడలేదు కానీ నాకు చాలా గొప్పగా అనిపించింది. వెనక హారన్ కూడా ఆగిపోయింది. ఆయనకు ఫోను వచ్చిందని తర్వాత తెలిసింది. ఇంట్లో ఉన్న మా మరిది, అమ్మ అడగమంటే అడుగుతున్నాడు, వదిన ఎలా తొక్కుతోందని. ఆయన ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నారు. ఒక్క మాట మాత్రం నాకు వినపడింది.

"నువ్వేం ఫికర్ జెయ్యకు, ఎనుక నేనున్న గదా."

ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. రంగు వెలిసిపోయి, రోడ్డులో కలిసిపోయింది. తోడికోడలు చేయి కిందికి ఊపింది. నేను వేగం తగ్గించి, సీటు మీద నుంచి కొంచెం లేచి దాటాను. మరుక్షణం వెనక ఇనుము రోడ్డుకు గీరుకున్న చప్పుడు వచ్చింది. తిరిగి చూశాను. స్కూటర్ పడి ఉంది. ఆయన దానికి అవతల, ఒక చేయి కింద పెట్టుకుని, కదలకుండా ఉన్నారు.

బ్రేకు ఎలా పట్టానో, ఎలా దిగానో నాకు గుర్తులేదు. పరుగెత్తాను. తోడికోడలు వచ్చే బండ్లకు చేయి అడ్డంపెట్టి పక్కకు పంపింది. నేను ఆయన తల పట్టుకుని చూశాను. గడ్డం చీలి రక్తం కారుతోంది. కళ్లు తెరిచారు.

"నాకేం గాలే," అన్నారు. లేవబోయి ఎడమ చేయి ఆనించి, గట్టిగా మూలిగి మళ్లీ కూర్చుండిపోయారు. మణికట్టు అప్పటికే ఉబ్బుతోంది. ఆ మనిషి మీద పొద్దుటి నుంచి పెంచుకున్న కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. నా చున్నీ సంచీలోంచి తీసి ఆయన చేయి మెడకు కట్టాను. ఆ రోజు క్షేమానికి నిజంగా పనికొచ్చింది అదొక్కటే.

ఎదురుగా ఉన్న చాయ్ బండివాడు మా స్కూటర్‌నూ, తోడికోడలి సైకిలునూ తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. ఆపిన ఆటోలో ఒకాయన కూరగాయల గంపలతో అప్పటికే కూర్చుని ఉన్నాడు. పక్కకు జరిగితే ఇద్దరికి చోటు దొరికింది. చేయి సరిగ్గా పట్టుకోవడం తెలిసిన తోడికోడలు మా ఆయన పక్కన కూర్చుంది.

"అక్కా, మీరు వెనక రండి. ఆటోకు మరీ దగ్గరగా వద్దు," అంది.

"నేనెట్ల వస్త, ఒక్కదాన్ని?" అన్నాను.

"ఇప్పటిదాకా వచ్చినట్టే."

ఆటో కదిలింది. నేను సైకిలెక్కి వెనక బయలుదేరాను. ఆరాంఘర్ చౌరస్తాలో లారీలు, బస్సులు, నాలుగు వైపుల నుంచి ఒకేసారి దూసుకొచ్చే బండ్లు. ఆ చౌరస్తా తలుచుకుని అంతకుముందు రెండు వారాలు నేను నిద్రలో ఉలిక్కిపడ్డాను. ఆరోజు మాత్రం ఆటో వెనక అద్దంలోంచి కనిపించే ఆయన తల తప్ప నాకేమీ పట్టలేదు. వెనక్కి చూశాను, చేయి చాపాను, కుడికి తిరిగాను, బస్సును ముందు పోనిచ్చాను. ఆసుపత్రి ముందు ఆగినప్పుడు తోడికోడలు, "ఎలా వచ్చారక్కా?" అంది. నిలబడి ఏడ్చాను.

మణికట్టు ఎముక విరిగింది. గడ్డానికి కుట్లు పడ్డాయి. తలకు దెబ్బ తగల్లేదు, అదృష్టం. స్కూటర్ అద్దం, దానికున్న హెల్మెట్ క్షేమంగా ఉన్నాయి.

ఇంట్లో తీర్పు వెంటనే వచ్చింది. "చెప్తే ఇన్నరా? సైకిల్ ఎంత డేంజరో ఇప్పుడన్న తెల్సిందా?" అన్నారు అత్తగారు. సైకిళ్ల మీద పోయిన ఇద్దరం ఆమె ఎదురుగానే, ఒంటి మీద గీత లేకుండా నిలబడి ఉన్నాం. రెండు సైకిళ్లూ మళ్లీ గోడెక్కాయి. పలకరించడానికి వచ్చిన చుట్టాలు ఆయన కట్టు చూసి, నా వైపు తిరిగి, భర్త ప్రాణం మీదికి తెచ్చావని మెత్తగా మందలించారు. దుకాణంలో కొనుగోలుదారులు అడిగితే ఆయన "సైకిల్ యాక్సిడెంట్" అంటున్నారని మరిది చెప్పాడు. అబద్ధమని కూడా అనలేను. అక్కడ సైకిళ్లు ఉన్న మాట నిజం.

నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు. పొద్దున్నే మెలకువ వచ్చేది, మోకాళ్లు కూడా లేచి ఎదురుచూసేవి. తువ్వాళ్ల తీగ పక్కన నిలబడి చక్రం చేత్తో తిప్పి కిందికి వచ్చేసేదాన్ని.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర, ఆయన పెద్దమ్మ వచ్చి ఉన్నారు. అత్తగారు మళ్లీ ఆ కథే మొదలుపెట్టారు. ఆయన కుడిచేత్తో అన్నం కలుపుతూ తల ఎత్తకుండా అన్నారు.

"అమ్మా, ఆళ్లిద్దరు బ్రేకర్ జూసి మెల్లగ దాటిన్రు. నేనే ఫోన్ల ఉండి సూడలే. ఆ సైకిల్‌ని ఏమనకు."

అత్తగారు ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేశారు. పెద్దమ్మ మాట మార్చి ఎవరిదో పెళ్లి సంగతి ఎత్తారు. నేను వంటింట్లోకి వెళ్లి, అవసరం లేని గిన్నె ఒకటి కడిగాను.

ఆ ఆదివారం మేం మళ్లీ వెళ్లాం. ఈసారి తోడికోడలు దూరాన్ని ఒక్కసారిగా పెంచనివ్వలేదు. వారం వారం కొంచెం పెంచాలి, ఒంటికి సెలవు ఇవ్వాలి, ఆకలి వేయకముందే తినాలి అంది. ఆ చివరి మాట నేను వినలేదు. కొన్ని వారాల తర్వాత శంషాబాద్ నుంచి తిరిగి వస్తూ ఒక వంతెన ఎత్తు మీద కళ్లు తిరిగాయి. రోడ్డు పక్కన కూర్చోబెట్టి ఆమె జేబులోంచి అరటిపండు తీసి ఇచ్చింది, ఏమీ అనకుండా. అనకపోవడం ఆమె దగ్గర నాకు బాగా నచ్చేది.

కట్టు విప్పాక, చేతికి కొంచెం వ్యాయామం, ఒంటికి కొంచెం కదలిక కావాలని డాక్టరు ఆయనకు చెప్పాడట. ఒక సాయంత్రం మేడ మీదికి వచ్చి, సైకిలు సీటు నొక్కి చూసి, "ఇది గింత గట్టిగున్నదేంది?" అని అడిగారు. సలహా చెప్పకుండా ఆయన ఒక ప్రశ్న అడగడం నాకు కొత్త. మైదానంలో ఆయనకు ఆపడం నేర్పింది నేనే. పెద్దమనుషులు మళ్లీ నడక ఆపి నిలబడ్డారు.

ఆయనకూ ఒక సైకిలు కొన్నాం, ఇప్పుడు ఆదివారాలు ముగ్గురం కలిసి వెళతాం. తోడికోడలు ముందు, నేను వెనక, ఆయన మధ్యలో. కొత్తగా నేర్చుకునేవాళ్లను అక్కడే ఉంచుతారు. అత్తగారికి మాత్రం ఆయన వేరేలా చెప్పారు. ముందు ఒకరు, వెనక ఒకరు ఆడవాళ్లు ఉన్నారు కదా, ఇద్దరినీ చూసుకోవాలంటే మధ్యలో ఉండక తప్పదన్నారట. అత్తగారు ఆ మాట నమ్మి, ఇప్పుడు నిశ్చింతగా ఉన్నారు.