గుండు పండుకున్న వానాకాలం

మా తాలీంలో, అంటే ఊరివాళ్లు కసరత్తు చేసే చోట, ఒక కట్టడి ఉండేది. మృగశిర కార్తెలో మొదటి పెద్ద వాన పడగానే విసిరే గుండును కడిగి, నువ్వుల నూనె రాసి, గోనెగుడ్డలో చుట్టి హనుమంతుడి గూటి కింద పెట్టేవారు. మళ్లీ దసరా నాడే విప్పడం. ఈ మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోరాదు. ఎవరైనా అడిగితే "గుండు పండుకున్నది" అనేవాళ్లం.

ఆ గుండు నున్నటి నల్లరాయి, బరువు పదిహేను సేర్లు. ఒంటిచేత్తో భుజం దాకా ఎత్తి, గీత దాటకుండా ముందుకు విసరాలి. చలికాలంలో మిరుదొడ్డి దిక్కు ఒక ఊరి జాతరలో దీని మీద పోటీ జరిగేది. సిద్దిపేట నుంచి మా తాలీం తరఫున ఒక్కడే పోయేవాడు. ఆ ఒక్కడు ఎవరన్నది దసరా నాడు తేలేది.

ఆ ఏడు నేను హైదరాబాదులో ఓవర్సీరు చదువు ముగించుకుని ఇంటికి వచ్చాను. రోడ్ల మహకమాలో, అంటే రోడ్ల శాఖలో, నౌకరి ఖాయమని చెప్పారు. హుకుం కాయితం మాత్రం రాలేదు. వస్తే ఎక్కడికి పంపుతారో తెలియదు, మళ్లీ సిద్దిపేట తాలీంలో నిలబడే వీలు దొరుకుతుందో లేదో తెలియదు. అందుకే ఆ జాతరకు నేనే పోవాలని పట్టుబట్టాను. చదువుకునే రోజుల్లో సెలవులకు వచ్చి, పక్కన నిలబడి వేరేవాళ్లు విసురుతుంటే చూడడమే నా వంతు అయింది.

నాకు అడ్డం ఉన్నది మా బావ. అవ్వ అంటే మాకు అమ్మ; వాడు ఆమె అన్న కొడుకు. వాళ్లది కిరాణం దుకాణం. చిన్నప్పటి నుంచి బెల్లం దిమ్మలు, ఉప్పు బస్తాలు మోసి మోసి వాడి వీపు తలుపు చెక్కలా అయింది. పైగా వాడికి ఏ తొందరా లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

వానాకాలంలో తాలీంలో చేసే పనులు ఇవి. పొద్దున్నే పారతో ఎర్రమట్టి తోడి మెత్తగా చేయడం, నేలకు వంగి దండీలు, కూర్చుని లేస్తూ బస్కీలు తీయడం, కర్ర ముద్గరాలు తిప్పడం, పిడి చెక్కిన రాతి సంగిడీలను ఒక్కో చేత్తో తలపైకి లేపడం, చివరికి ఒక పెద్ద బండరాయిని రొమ్ముకు ఆనించుకుని మట్టి చుట్టూ నడవడం. అన్నీ బలం పెంచేవే. విసరడం మాత్రం ఎక్కడా లేదు. బలం పెరుగుతున్నదని సంగిడీలు చెప్పేవి. పెరిగిన బలం విసిరే దూరంగా మారుతున్నదా అంటే దసరా దాకా జవాబు లేదు. నేను ఆ జవాబు లేకుండా ఉండలేకపోయాను. ఉస్తాద్‌ను అడిగాను.

ఉస్తాద్ పెద్దాయన. పొద్దంతా బజారులో దర్జీ పని చేసేవాడు, ఉదయం సాయంత్రం తాలీం చూసుకునేవాడు.

"వారానికి ఒక్కసారన్న ఏసి సూడొద్దా ఉస్తాద్? ఎంత పెరిగినమో ఎట్ల తెలుస్తది?"

ఆయన మట్టిలోంచి గులకరాయి ఏరి బయట పడేస్తూ "తెలిస్తే ఏం జేస్తవ్?" అన్నాడు.

"తక్కువుంటే ఎక్కువ జేస్త."

"ఎక్కువుంటే?"

కొంచెం ఆలోచించి "ఇంకింత జేస్త" అన్నాను.

"రెండిట్ల ఒకటే జేస్తవైతే ఇగ సూసుడెందుకు బిడ్డా? దున్నేటప్పుడు కంకులు లెక్కవెడ్తరా ఎవలన్న?"

పక్కన బస్కీలు తీస్తున్న బావకు నవ్వొచ్చి లెక్క తప్పింది. "మల్ల మొదటికెల్లి తియ్యాలె నీ వల్ల" అని నా మీద కోపం చేశాడు.

ఉస్తాద్ మాట అర్థమైంది. అర్థమైనా ఒంట్లో కుదురు రాలేదు. కూర్చుంటే మోకాలు ఊగేది. బాపు బట్టల దుకాణంలో సాయంగా కూర్చోబెడితే ఒకటే తాను మూడుసార్లు కొలిచేవాణ్ణి. అన్నం తింటూ ఎడమచేత్తో కుడి భుజం పిసికి చూసుకుంటుంటే అవ్వ "బువ్వ కాడన్న చెయ్యి సక్కగ పెట్టుకోరాదుర" అనేది. టపాలాయన మా వాడ మలుపు తిరిగితే హుకుం వచ్చిందేమోనని గడపలోకి ఉరికేవాణ్ణి. రాకపోతే చిరాకు, వస్తుందేమోనని భయం. ఆ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయని ఇప్పటికీ అనుకుంటాను.

చివరికి ఒక ఉపాయం చేశాను. రెండు గోనెసంచులు ఒకదానిలో ఒకటి పెట్టి, వాగు ఇసుక నింపి, గుండ్రంగా కుట్టించాను. బరువు సరిగ్గా పదిహేను సేర్లు ఉండాలి కాబట్టి దాన్ని బావ దుకాణంలోనే కాంటా మీద పెట్టాల్సి వచ్చింది. వాడు గుప్పెడు ఇసుక తీసి, చిటికెడు వేసి, ముల్లు నిలబడ్డాక నా మొహం చూశాడు.

"గుండు పండుకుంటే సంచి లేసిందా?"

"ఉస్తాద్‌కు చెప్పకు బావా."

"నేనెందుకు చెప్త? నువ్వు గిట్లనే నిద్ర లేకుంట తిరుగు, జాతరకు నేను పోత."

మా ఇంటి వెనక బీర పందిరి పక్కన పొడుగాటి జాగ ఉంది. ఒక కొసన గీత గీసి, సంచి పడ్డ చోటుకు సరిగా గోడ మీద బొగ్గుతో గుర్తు పెట్టేవాణ్ణి. మొదట్లో గుర్తులు ముందుకు జరిగాయి. ఆ రోజుల్లో నాకు ఆకలి బాగా వేసింది, నిద్ర కూడా పట్టింది.

అవ్వ ఒకనాడు బీరకాయలు తెంపుతూ ఆగింది. "గీ గుంతలేందిర?"

"వానకు పడ్డయవ్వా."

"గింత సక్కగ వరుసల పడ్తదా వాన?" అని, నా జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

తర్వాత ముసురు పట్టింది. వారాల తరబడి సన్నగా, ఆగి ఆగి కురిసింది. గోడ మీది గుర్తులు వెనక్కి రావడం మొదలైంది. ముందు బెత్తెడు, తర్వాత జానెడు, ఆ తర్వాత మూరెడు.

కారణాలు ఒక్కొక్కటే తీసి చూశాను. తిండి తగ్గిందా? జొన్నరొట్టె, పెసరపప్పు, పాలు ఎప్పటిలాగే ఉన్నాయి. కాలు జారుతున్నదా? నిలబడే చోట బండ వేసుకున్నాను. విసిరే పద్ధతి మారిందా? మోచేయి ఎత్తు, నడుము తిప్పే తీరు, వెనక కాలి మడమ, అన్నీ చూసుకున్నాను. ఎందులోనూ తేడా లేదు. సంచి తూచిన వస్తువు కాబట్టి దాన్ని ఈ లెక్కలోకే తీసుకోలేదు. ఇక మిగిలింది ఒక్కటే. నా బలమే తగ్గిపోతున్నది.

తాలీంలో సంగిడీలు తేలిగ్గా లేస్తుంటే కూడా నేను నమ్మలేదు. అక్కడ చేసేది చేసి, ఇంటికొచ్చి సంచితో రెట్టింపు చేశాను. ఉస్తాద్ ఒకసారి నా కళ్లకేసి చూసి "ఒక రోజు పండుకోరాదు" అన్నాడు. తల ఊపి, ఆ సాయంత్రం కూడా విసిరాను.

భాద్రపదం చివర్లో, తుంపర పడుతుండగా, సంచి చేతిలోంచి పోయే క్షణంలో భుజం వెనక బట్ట చినిగినట్టు అయింది. చప్పుడు వినిపించిందని ప్రమాణం చేయగలను. కొద్దిసేపు నొప్పి కూడా లేదు. చెయ్యి చెవి దాకా లేపబోతే లేవలేదు.

మరునాడు ఎడమచేత్తో ఆ సంచిని చూరు కిందికి గుంజుతుంటే బావ వచ్చాడు. తాలీంకు ఎందుకు రాలేదని అడగడానికి వచ్చాడు. "జరుగు" అని సంచి అందుకుని సగం లేపి, మళ్లీ కింద పెట్టాడు.

"గిది పదిహేను సేర్లా?"

"అవును."

"ఎవలు తూకం ఏసిన్రు?"

"నువ్వే."

వాడు ఇంకోసారి లేపి చూశాడు. బస్తాలు మోసే చెయ్యి కదా, ఊరుకోలేదు. సంచిని భుజాన వేసుకుని దుకాణానికి నడిచాడు. దారి పొడుగునా వాడి అంగీ మీదుగా నీళ్లు కారాయి. కాంటా మీద పెడితే ముల్లు పక్కకు పోయింది. రాళ్లు కలిపాడు, ఇంకా కలిపాడు. పద్దెనిమిది సేర్లకు కొంచెం తక్కువగా ఆగింది. లోపలి నుంచి మామ "దుకాణంల గీ మడుగేందిరా" అని అరిచాడు.

ముసురు మొదలైనప్పటి నుంచి ఇసుక నీళ్లు తాగుతూ ఉంది. రోజురోజుకూ బరువెక్కుతున్న సంచిని విసురుతూ నేను బలహీనపడుతున్నాననుకున్నాను. ఇసుకలో తేమ ఎంత బరువు కలుపుతుందన్నది మాకు పరీక్షలో వచ్చిన ప్రశ్న. దానికి నేను బాగానే రాశాను. ఆ మాట బావకు చెబితే దుకాణం అరుగు మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"అంటే నువ్వు పెరిగినవ్ బామ్మర్ది. మస్తు పెరిగినవ్."

అప్పుడు నేను కుడిచెయ్యి కదపడం లేదని గమనించి నవ్వడం ఆపేశాడు. భుజం సంగతి చెప్పాను.

"ఉస్తాద్‌కు చెప్పు."

"చెప్తే దసరా నాడు గుండు ముట్టనియ్యడు."

"ముట్టకు. వచ్చే ఏడు ఏస్తవ్."

"వచ్చే ఏడు నేనేడుంటనో ఎవలికెరుక."

వాడు కాంటా రాళ్లు ఒక్కొక్కటే గూట్లో సర్దాడు. "నేనైతే చెప్ప" అన్నాడు చివరికి. "గని నీ కోసమని నేను తక్కువ కూడ ఏయ. గది కూడ చెప్తున్న."

ఒక్కసారే విసరాల్సి ఉంటే నాకు భయం ఉండేది కాదు. మా తాలీంలో తలా మూడుసార్లు విసరాలి. అందులో అన్నిటికంటే దగ్గర పడ్డదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అట్లా లెక్కకు వచ్చిన విసురు ఎవరిది అందరికంటే దూరం ఉంటుందో వాడు జాతరకు పోతాడు. "దూరం పడ్డది పండుగ. దగ్గర పడ్డది నువ్వు" అనేవాడు ఉస్తాద్. ఒక్క విసురుకు ఉన్న భుజాన్ని మూడింటికి ఎట్లా సాగదీయాలన్నదే దసరా దాకా నా ఆలోచన.

బావిలో నీళ్లు చేదుతుంటే భుజం పట్టేసిందని అవ్వకు చెప్పాను. ఆమె ఉప్పు వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టింది. వారానికి చెయ్యి చెవి దాకా లేచింది, నొప్పి మాత్రం పోలేదు. తాలీంలో బస్కీలు మాత్రమే తీశాను.

"సంగిడి ముడ్తలేవేంది?" అన్నాడు ఉస్తాద్.

"కాళ్లు ఎనుకవడ్డయి ఉస్తాద్."

ఆయన నా కాళ్లకేసి ఒకసారి చూసి అవతలికి పోయాడు. అది నాకు ఇంకా కలవరం పెంచింది.

దసరా పొద్దున వాన లేదు. గుండును విప్పి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ముందు నలుగురు విసిరారు. తర్వాత బావ. వాడి మూడు విసుర్లూ ఇంచుమించు ఒకే గుంతలో పడ్డాయి. మూడోది కొంచెం దగ్గర, అంతే. వాడు చేతులు దులుపుకుని నా వైపు చూడకుండా పోయి గోడకు ఆనుకున్నాడు.

గుండు చేతికి తీసుకుంటే ఎవరో సగం తొలిచి పెట్టినంత తేలిక. పద్దెనిమిది సేర్లకు అలవాటైన చెయ్యి అది. వెనక కాలు మీద కూర్చుని లేచి వదిలాను. గుండు అందరి గుంతలూ దాటి, తాలీం గడప దగ్గర కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకునేంత దూరం పోయి పడింది. వానాకాలమంతా నేను అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ మట్టిలో గుంతై ఉంది. భుజంలో మంట అప్పుడే మొదలైంది.

రెండోది బావ గుంతల పక్కన పడింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. గుండును ఎవరో తెచ్చిస్తే రెండు చేతులతో అందుకోవాల్సి వచ్చింది. ఉస్తాద్ అది చూశాడు.

"చాలు బిడ్డా."

"మూడోది ఉన్నది ఉస్తాద్."

"ఏయకుంటే ఏం గాదు."

"ఏయకుంటే లెక్కల ఉండ."

ఆయన పక్కకు జరిగాడు. ఎడమచేత్తో గుండును భుజం దాకా తెచ్చుకుని, కుడిచేతి మీదికి మార్చి నెట్టాను. అది గీత అవతల రెండడుగుల్లో, నా నీడలోనే పడింది.

ఉస్తాద్ మెడలోని, ఈ పనికోసమే ఆరు టేపులు కలిపి కుట్టుకున్న దర్జీ టేపు తీసి నా మూడోదాన్ని కొలిచాడు, బావ మూడోదాన్ని కొలిచాడు. "జాతరకు వీడు పోతడు" అని బావ వీపు మీద చరిచాడు. తర్వాత నా దగ్గరకొచ్చి భుజం వెనక సరిగ్గా చినిగిన చోట బొటనవేలు పెట్టి నొక్కాడు. పళ్లు బిగపట్టాను.

"ఎప్పటిది?"

"భాద్రపదంలది, పెత్తరమాస ముందటిది."

"చెప్పొద్దా?"

"చెప్తే ఏయనిత్తువా?"

"ఏయనియ్యకపోతుంటి" అని, టేపు మళ్లీ మెడలో వేసుకున్నాడు.

"మొదటిది ఎంత పడ్డది ఉస్తాద్?"

"దగ్గరిదే గద కొలిచేది. గదెందుకు కొలుస్త?"

నేను గడప వైపు వెళ్లాను. అప్పటికే అందరూ బావ చుట్టూ చేరి, గుండుకు మొక్కడానికి అటూ ఇటూ తిరిగి మట్టినంతా తొక్కేశారు. నా గుంత ఎక్కడా కనపడలేదు. గడప దగ్గర కూర్చున్నవాళ్లను అడిగితే ఒకడు మూల దగ్గర చూపించాడు. ఇంకొకడు కాదని మూరెడు ఇవతల చూపించాడు. మూడోవాడు వాళ్లిద్దరినీ తిట్టి, తన చెప్పు పెట్టి ఇంకో చోటు చూపించాడు.

ఉస్తాద్‌ను టేపు అడిగి తీసుకున్నాను. కుడిచెయ్యి పనికిరాదు. ఒక కొస నేను ఎడమచేత్తో గీత మీద ఒత్తిపట్టుకున్నాను. మెడలో బంతిపూల దండతో బావ వచ్చి, ఏమీ అడగకుండా రెండో కొస పట్టుకుని గడప వైపు నడిచాడు. మూడు చోట్లా కొలిచాం.