ఎద్దు వాటా

అరవైల్లో మాట. పల్లెల్లో తిరిగి మిరపకాయలు, గానుగ నూనె తెచ్చుకోవాలని మూడు నెలల పాపతో మద్రాసు నుంచి కారులో పల్నాడు వెళ్ళాం. గురజాల దగ్గర నువ్వుల గానుగ ముందు ఆగేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నా భార్యకు పాలు చాలడం లేదు, డబ్బాపాలు పాపకు పడటం లేదు.

గానుగ నడిపే మరియమ్మ సంగతి కనుక్కుంది. నూనె తీశాక మిగిలే తెలగపిండిలో తొలి వాటా గానుగెద్దుకే పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఎద్దు ముందు పెట్టిన ఆ గంపే వెనక్కి తీసుకుంది.

"మునగాకేసి వండిపెడతా తల్లీ. పాలు పడతయ్."

"పశువుల దాణా కదమ్మా!" అన్నాను.

"నలుగురు బిడ్డల్ని దీంతోనే సాకా నాయనా. పశువుకి బలమైంది బాలింతకి కాదా ఏంది?"

ఎద్దు మోర ఎత్తి గంప వైపే చూస్తోంది. మరియమ్మ దాని నుదురు నిమిరి, "ఈ పూటకి పాపదిరా, ఏమనుకోమాక" అంది.

అక్కడే వండి తినిపించి, మిగతా పిండి మూటగట్టి ఇచ్చింది. మూడో రోజుకి పాప కడుపునిండా తాగి నిద్రపోయింది.

ఇప్పటికీ మా ఇంట్లో ఆ కూర వండితే నా భార్య తొలి ముద్ద పక్కకు తీస్తుంది. ఎవరికని అమ్మాయి అడిగితే ఒకటే జవాబు:

"నీకు పాలిచ్చిన ఎద్దుకి."