పెద్దమ్మకు చదవని ముక్క

మొన్న ఆదివారం మా మనవరాలు తమ నర్సుల సంఘం వాళ్లు ఫోనుకు పంపిన సమాచారాన్ని నాకు గట్టిగా చదివి వినిపించింది. నాకు కంటి ఆపరేషను అయి ఇంకా మసక వదల్లేదు, దానికేమో నాలాగే తిరుపతిలోనే నర్సు పని. ఆసుపత్రులను మళ్లీ ఏదో కొత్త శాఖ కిందికి మారుస్తున్నారట. ఎవరు ఏ కాగితం ఇవ్వాలో, ఏది తొందరపడి ఇవ్వకూడదో అంతా వరసగా రాశారు. బాగానే చదువుతూ వచ్చిన పిల్ల నడుమ ఒకచోట తడబడి, ఊపిరి తీసుకుని, ఆ కింది వాక్యం అందుకుంది. ఏదో ముక్క దాటేసింది. మసక నా కళ్లకే గానీ చెవులకు కాదు గదా, పైగా ఆ తడబాటు నాకు బాగా తెలుసు. డెబ్బై ఏళ్ల కిందట నేనూ సరిగ్గా అలాగే తడబడి, అలాగే ఒక ముక్క దాటేశాను. అప్పటికి ఏమీ అనకుండా ఊరుకున్నాను గానీ, మనసు మాత్రం ఆ రోజుల్లోకి వెళ్లి కూర్చుంది.

యుద్ధం ముగిసి, స్వరాజ్యం ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అనుకుంటున్న కాలం అది. ఏర్పేడు దగ్గరి పల్లెలో బడిపంతులైన మా నాయన నాకు పట్టుబట్టి ఇంగ్లీషు నేర్పించి నర్సు చదువుకు పంపితే, చదువు ముగించి తిరుపతిలో జిల్లా బోర్డు నడిపే ఒక చిన్న ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో చేరాను. తెల్ల గౌనూ, గంజి పెట్టిన టోపీ, మొదటి నెలంతా ఎవరు పిలిచినా అదిరిపడటం, మన కాలం వాళ్లకు ఇవన్నీ చెప్పనక్కర్లేదు. కాన్పుకొచ్చిన వాళ్ల చుట్టాల్లో సగం మంది కొండకు పోయి మొక్కు తీర్చుకుని గుండ్లతో వచ్చేవారు కాబట్టి, బిడ్డ తండ్రి ఎవరో, మేనమామ ఎవరో పోల్చుకోలేక తికమక పడేదాన్ని.

ఆ వార్డులో నాకు నిజంగా పని నేర్పింది పెద్దమ్మ. నాకు చుట్టమేమీ కాదు, ఆసుపత్రి మొత్తానికీ ఆమె పెద్దమ్మే. పల్లెలో మంత్రసానిగా ఉన్న మనిషిని ఎప్పుడో ఒక డాక్టరమ్మ పిలిపించి పనిలో పెట్టుకున్నదట. సర్టిఫికెట్టు లేదు, అక్షరం రాదు, భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆసుపత్రి వెనక వరసలో ఉన్న ఒక్క గదే ఆమెకు ఇల్లు. నేను మొదటి కాన్పు చూసి కళ్లు తిరిగి పడబోతే, నా జబ్బ పట్టి నెత్తురు గడ్డకట్టేట్టు గిల్లి నిలబెట్టింది. ఆ మచ్చ పది రోజులు ఉంది, ఆ తర్వాత నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

మా వార్డులో ఒక అలవాటు ఉండేది. పొద్దున డ్యూటీ మారేటప్పుడు దిగే వాళ్లూ ఎక్కే వాళ్లూ బల్ల చుట్టూ నిలబడితే, ఒకరు రిపోర్టు చదివేవారు, విన్నవాళ్లు ముఖ్యమైన సంగతి తిరిగి చెప్పేవారు. తిరిగి చెబితేనే విన్నట్టు లెక్క. పెళ్లిలో అప్పగింతలు ఒక్కసారే, మనకు దినామూ అప్పగింతలే అని మేము నవ్వుకునేవాళ్లం. చదువు రాని పెద్దమ్మ అందరికంటే బాగా తిరిగి చెప్పేది, ఒక్క మాట పొల్లు పోనిచ్చేది కాదు.

బోర్డు ఆసుపత్రులను సర్కారు తీసుకోబోతున్నదన్న వార్త వచ్చాక మా సంఘం ఉత్తరాలు కూడా ఆ బల్ల దగ్గరే చదవడం మొదలైంది. మద్రాసు నుంచి ఇంగ్లీషులో వచ్చే ఉత్తరాన్ని చిత్తూరులో మా సంఘం పనులు చూసే పెద్ద నర్సు, మేమంతా చిత్తూరక్క అనేవాళ్లం, కార్బను కాగితం పెట్టి నకళ్లు రాసి ఊరూరికీ పంపేది. ఆయాలకూ పెద్దమ్మకూ అర్థమయ్యేలా దాన్ని తెలుగులో చెప్పే పని నా మీద పడింది. కొత్తదాన్నైనా నా మాట కోసం అంతమంది ఎదురుచూస్తుంటే ఎంత గర్వంగా ఉండేదో!

ఒక పొద్దున వచ్చిన ఉత్తరంలో రెండు సంగతులు ఉన్నాయి. సర్టిఫికెట్టు ఉన్నవాళ్లందరినీ పాత సర్వీసుతో సహా సర్కారు తీసుకుంటుంది, ఇది మొదటిది. సర్టిఫికెట్టు లేకుండా కాన్పులు చేసేవాళ్లు చిత్తూరులో పెద్ద డాక్టరు ముందు పరీక్షకు నిలవాలి, ఆ పేర్లు నెలాఖరులోగా పంపాలి, పరీక్షలో నెగ్గనివాళ్లకు ఇక పని ఉండదు, ఇది రెండోది. మొదటిది చదివి తలెత్తేసరికి ఎదురుగా పెద్దమ్మ, నోరంతా తెరిచి నవ్వుతూ ఉంది. నా గొంతు తడబడింది. ఈమె పరీక్షలో ఎలా నెగ్గుతుంది, ఈ వయసులో ఆ గది వదిలి ఎక్కడికి పోతుంది అనిపించి, మెల్లగా ఒంటరిగా చెబుదాంలే అనుకుని రెండోది దాటేశాను.

“సర్కారు అందరినీ తీసుకుంటాది, ఎవరూ బయపడే పని లేదు” అని పెద్దమ్మ తిరిగి చెప్పింది. నేను తల ఊపాను. మెల్లగా చెబుదామనుకున్నది రేపు, ఎల్లుండి అనుకుంటూ వాయిదా పడింది. ఈలోగా ఆమె గదికి సున్నం కొట్టుకుంది, ఇక ఈ గది తనదే అన్న ధీమాతో గడప పక్కన కరివేపాకు మొక్క నాటింది. దానికి నీళ్లు పోస్తున్న ఆమెను చూసినప్పుడల్లా నేను దారి మార్చుకుని పోయేదాన్ని.

తిరుపతి నుంచి పేర్లు రాలేదేమని చిత్తూరక్కే ఒక ఆదివారం పాకాల మీదుగా పాసింజరు ఎక్కి వచ్చేసింది. బట్టలు ఆరేసే వరండాలో అందరం కూర్చుని ఉండగా, పెద్దమ్మ పేరు ఎందుకు పంపలేదని, పరీక్ష ఇంకో ఎనిమిది రోజులే ఉన్నదని అడిగింది. ఏ పరీక్ష అని పెద్దమ్మ అడిగింది. నేను తల వంచుకున్నాను. అక్క ఆ రెండో సంగతి చదివి వినిపించింది.

పెద్దమ్మ అరవలేదు. నా దగ్గరికొచ్చి, “జరమొచ్చిన మనిసికి పాపమని జరం లేదని రాస్తావా అమ్మీ? మరి నాకెందుకు అట్ల సదివినావు?” అంది. ఆమె గిల్లిన మచ్చ పది రోజులే ఉంది గానీ, ఆ మాట ఇప్పటికీ మానలేదు. నేను భోరున ఏడిస్తే, “ఏడ్సేది తరవాత, ముందు నేర్పు” అని కసిరింది.

ఆ పూటే అక్క ఆమె పేరు రాసుకుని పోయింది. ఆ ఎనిమిది రోజులూ వార్డంతా పెద్దమ్మకు బడి అయింది. కాన్పు సంగతుల్లో ఆమెకు మేము నేర్పేదేముంది! చిక్కంతా థర్మామీటరుతోనే. చేత్తో తాకి జ్వరం ఎంతో చెప్పే మనిషికి ఆ గీతలంటే చిరాకు. “ఈ గాజుపుల్లకు తెలిసేది నా సెయ్యికి తెల్వదా?” అని దాన్ని విదిలించి విదిలించి ఒకటి పగలగొట్టింది కూడా. నేను నేల మీద సుద్దతో పెద్ద థర్మామీటరు బొమ్మ గీసి, అంకెలు రాసి, పాదరసం బదులు ఎర్ర దారం పెట్టి జరుపుతూ పోయాను. ఆరో రోజుకు ఆమె తడుముకోకుండా చెప్పింది. ముందు చేత్తో తాకి, తర్వాత గాజుపుల్ల చూసి, రెండూ ఒకటే అయితే నావైపు ఎగతాళిగా చూసేది.

పరీక్షకు చిత్తూరు వెంట పోయింది నేనే. ఆమె లోపల, నేను బయట బెంచీ మీద. జీవితంలో నా పరీక్షలకు కూడా అంత వణకలేదు. లోపల జరిగింది తిరుగు ప్రయాణంలో పాకాల ప్లాట్‌ఫారం మీద మరో బండి కోసం కూర్చున్నప్పుడు చెప్పింది. “బిడ్డ ఏడవకపోతే ఏం జేస్తావన్న్యాడు డాక్టరు, సెప్పినా. గాజుపుల్ల ఇచ్చినాడు, సూసి సెప్పినా. ఆపైన రోగికి ఏమేం జెయ్యాల్నో గబగబా ఒకదాని మీద ఒకటి సెప్పి, ఇంక పో అన్న్యాడు. యాడికి పొయ్యేది? ఆయప్ప సెప్పిందంతా తిరిగి ఆయప్పకే అప్పజెప్పినా. ఆయప్ప కలం కింద పెట్టేసి నన్నే సూస్తా ఉండె.”

తర్వాతి ఉత్తరంలో నెగ్గినవాళ్ల పేర్లు వచ్చాయి. నేను ముందుగా చూడకూడదని పట్టుబట్టి, కవరు బల్ల దగ్గరే అందరి ముందు చింపాను. ఒక్కో పేరే చదువుతూ పోతే చివరి నుంచి రెండోది పెద్దమ్మది. ఆయాలు కేకలు వేశారు, డాక్టరమ్మ కూడా తొంగి చూసి నవ్వింది. నేను మిగిలిన ఆ చివరి పేరు కూడా చదివి, కింద అక్క సంతకం దాకా చదివి కాగితం మడిచాను. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూనే, “ఇంకేమీ వదల్లేదు గదా అమ్మీ?” అంది. వార్డంతా ఘొల్లున నవ్వింది, నేనూ నవ్వాను. ఆమె సర్కారు మనిషిగా అదే గదిలో ఏళ్ల తరబడి ఉంది, ఆ కరివేపాకు కోసుకోని ఇల్లు ఆ వరసలో లేదు.

ఇప్పుడు సంగతులు అందరికీ ఒక్క క్షణంలో అందుతున్నాయి, చిత్తూరక్కలాగా బండ్లు మారి ఎవరూ రానక్కర్లేదు. మంచిదే. ఇంత సుఖం పిల్లలకు దక్కినందుకు నాకు సంతోషమే. కానీ చదివిన వాళ్ల ఎదుట నిలబడి, వాళ్ల ముఖం చూస్తూ, విన్నది తిరిగి చెప్పే మనిషి లేకపోయెనే అని మాత్రం అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

నిన్న మనవరాలిని పిలిచి, మొన్న దాటేసిన ముక్క చదవమన్నాను. పిల్ల కాసేపు నసిగింది. “నువ్వు బాదపడతావని అవ్వా” అంది. తర్వాత ఫోను తీసి చదివింది. నేను తిరిగి చెప్పాను: మా పాత కాన్పుల వార్డునూ వెనక గదుల వరసనూ వచ్చే నెలలో పడగొడతారు. ఒక్క మాట పొల్లు పోనివ్వలేదు. దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని అడిగాను.

“ఇంకేమీ వదల్లేదు గదా అమ్మీ?”