మా సెక్రటరీ గారు తప్పుకోలేదు

మా సెక్రటరీ గారు పోయారన్న సంగతి నేను నోటీసు బోర్డు మీద చదివి తెలుసుకున్నాను. సోమవారం పొద్దున ఫిల్మ్ నగర్‌లో మా డబ్బింగ్ కళాకారుల సంఘం ఆఫీసు మెట్లెక్కుతుంటే టైపు చేసిన కాగితం ఒకటి కనిపించింది. "అయిదేళ్ళ క్రితం స్వచ్ఛందంగా పదవి నుంచి తప్పుకున్న మన పూర్వ కార్యదర్శి నిన్న స్వర్గస్థులయ్యారు" అని ఉంది. స్వచ్ఛందంగానట! ఆ మాట చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయిన మనిషి లేచి వచ్చి కాదనదనే కదా ఈ ధైర్యం? ఆమె రారు కాబట్టి నేను చెబుతాను. నిజానికి నాకు ఆ అర్హత లేదు. ఎందుకు లేదో కూడా దాచకుండా ఇందులోనే రాస్తాను.

సినిమాల్లో ఆమె ముఖం మీరు చూసి ఉండరు. గొంతు మాత్రం తప్పకుండా విని ఉంటారు. కోడల్ని రాచిరంపాన పెట్టే అత్తలకూ, కొడుకు కోసం కుమిలిపోయే తల్లులకూ ఆమే చెప్పేవారు. ఎనభైల్లో పరిశ్రమ మద్రాసు నుంచి కొంచెం కొంచెంగా ఇటు కదులుతున్న రోజుల్లో ఆమె కూడా సామాను కట్టుకుని వచ్చి మధురానగర్‌లో రెండు గదుల ఇంట్లో దిగారు. సొంతూరు తెనాలి వైపు. అప్పటికి ఫిల్మ్ నగర్ అంటే బండరాళ్ళు, వాటి మధ్య సగం లేచిన గోడలు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి, ఆ ఎండలో గుట్టెక్కి నడిచి వచ్చేవారు. జూబ్లీ హిల్స్‌లోనే ఇల్లున్న మా ప్రెసిడెంటు గారు మాత్రం కారులో వచ్చేవారు, అదీ గంట ఆలస్యంగా.

నాలుగింటికి మీటింగంటే ఆమె నాలుగింటికే మొదలుపెట్టేవారు. ముగ్గురే ఉన్నా సరే. మా లైన్లో ఇదెంత పెద్ద నేరమో బయటివాళ్ళకు తెలియదు. మాకు పెద్దవాళ్ళు రానిదే కొబ్బరికాయ కూడా పగలదు. ఒకసారి ప్రెసిడెంటు గారు అయిదింటికి వచ్చి, "ఏంటమ్మా, నేను లేకుండానే కానిచ్చేస్తున్నారే!" అన్నారు.

"మూడు విషయాలు అయిపోయాయండీ. నాలుగోదానికి సరిగ్గా అందుకున్నారు, కూర్చోండి" అన్నారీమె. అయిపోయినవాటిని ఆయన కోసం మళ్ళీ విప్పలేదు. టైముకు వచ్చినవాళ్ళకు శిక్ష వేస్తామా అనేవారు.

మాట్లాడే వరస కూడా ఆమెదే. కొత్తగా చేరినవాళ్ళు ముందు, ప్రెసిడెంటు ఆఖరున. "పెద్దాయన ముందు మాట్లాడితే ఇంక మిగతావాళ్ళంతా డబ్బింగే చెబుతారు" అనేవారు. లేచే ముందు, రాసుకున్నదంతా పైకి చదివి వినిపించేవారు. ఏ పని ఎవరిదో చదవగానే ఆ మనిషి "నాదే" అనాలి. అనేదాకా ఎవరూ కుర్చీ వదలడానికి లేదు. ఒకసారి ఒక స్టూడియోలో ఆడవాళ్ళ బాత్రూం తలుపుకు గడియ పెట్టించే పని ఎవరూ తీసుకోకపోతే అరగంట అందరినీ కూర్చోబెట్టారు. చివరికి ఒక పెద్దాయన సణుక్కుంటూ "సరే తల్లీ, నాదే" అన్నాడు. అంతకుముందు ఎన్ని అర్జీలిచ్చినా పడని గడియ రెండోరోజుకు పడింది.

నేను యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగినవాణ్ణి. అప్పట్లో సినిమాల్లో మా భాష రౌడీ పక్కన నిలబడేవాడికి తప్ప పనికొచ్చేది కాదు. అందుకని నా మొదటి మీటింగులో లేచి, హీరోకి చెప్పినట్టు గంభీరంగా దంచేశాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని, "బాగుంది నాయనా. ఇప్పుడు నీ గొంతుతో చెప్పు. ఇంట్లో మీ అమ్మతో ఎలా చెబుతావో అలా" అన్నారు.

హీరో గొంతు దించేసి, "ఏం లేదమ్మా, గాడ పొద్దంత నిలబెడ్తుండ్రు. కూసోనీకి ఒక్క స్టూల్ గిట్ల లేదు" అన్నాను.

"అదీ! రాసుకున్నాను" అన్నారు. ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత నెల స్టూళ్ళు వచ్చాయి. మైకు ముందు ఎంతమంది గొంతులో పలికాను గాని, నాకూ ఒక గొంతుందని మొదట గుర్తించిన మనిషి ఆమె.

ఒక విషయంలో మాత్రం మొండిగా ఉండేవారు. మా సంఘంలో మూజువాణి ఓటు పెట్టనిచ్చేవారు కాదు. మాలో సగంమంది క్రౌడ్ చెప్పేవాళ్ళం. తెర మీద వెయ్యిమంది జాతరలో అరుస్తుంటే, డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి అరిచేది అయిదారుగురం. ముసలివాడూ మేమే, పసివాడూ మేమే, గొడవపెట్టేవాడూ ఆపేవాడూ మేమే. "వీళ్ళ అరుపు నమ్మి ఓటు లెక్కేస్తే కొంప మునుగుతుంది. చీటీలు రాయండి" అనేవారు. మాకదో పొగడ్తలా ఉండి తెగ నవ్వుకునేవాళ్ళం.

తర్వాత జరిగింది రాయాలంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మమ్మల్ని పనికి పిలిచే డబ్బింగ్ ఇన్‌ఛార్జి ఒకడు, డైలాగు రెండుసార్లు తప్పిందని కొత్త అమ్మాయిని చెంప మీద కొట్టాడు. ఆ అమ్మాయి ఏడుస్తూ వచ్చి అర్జీ ఇచ్చింది. సెక్రటరీ గారు దాన్నే మొదటి విషయంగా వేశారు. "కొట్టినవాణ్ణి పిలిచి అడిగేది ఎవరు?" అని రాశారు. ఆ ఇన్‌ఛార్జి ప్రెసిడెంటు గారికి కావలసినవాడు. ఆ రోజు ఆయన, జన్మలో మొదటిసారి, నాలుగు కొట్టకముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మైకు లాక్కుని, "ఈవిడ పరిశ్రమతో తగువులు పెట్టి మనందరి పొట్ట కొడుతున్నారు. సెక్రటరీగా తప్పించాలని నా ప్రతిపాదన. ఒప్పుకున్నవాళ్ళు సరే అనండి!" అన్నారు.

"చీటీలు రాయిద్దామండీ" అన్నారామె.

"ఎందుకమ్మా, టైము వేస్టు" అన్నారాయన. టైము గురించి ఆయన చెప్పడం!

వెనక వరసలోంచి "సరే!" అని హోరు లేచింది. ముసలి గొంతులు, పడుచు గొంతులు, ఆడ, మగ. "తీసెయ్యాలి!" "సరే, సరే!" నలభైమంది ఉన్న హాల్లో రెండువందలమంది అరిచినట్టుంది. తక్కినవాళ్ళు అందరూ ఒప్పుకున్నారు కాబోలనుకుని తలలు దించుకున్నారు. అరిచింది ఆరుగురం. అవును, అందులో నేనొకణ్ణి. నేనొక్కణ్ణే మూడు గొంతులు పెట్టాను. ముందురోజు టీకొట్టు దగ్గర ఆ ఇన్‌ఛార్జి నా భుజం మీద చెయ్యేసి, "ఎన్నాళ్ళురా ఈ గుంపులో గోవిందా? విలన్ తమ్ముడికి పూర్తి డబ్బింగ్ నీకిప్పిస్తా" అన్నాడు. ఇప్పించాడు కూడా. థూ, నా బతుకు!

ఆ అమ్మాయి అర్జీ ఎవరూ చదవలేదు. ఆ పిల్ల మళ్ళీ స్టూడియో గడప తొక్కలేదు. నేను అయిదేళ్ళు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. మధురానగర్ వీధిలో సెక్రటరీ గారు ఎదురుగా వస్తుంటే సందులోకి తప్పుకునేవాణ్ణి. ఒక్కసారి మాత్రం కూరగాయల బండి దగ్గర దొరికిపోయాను. "స్టూళ్ళు ఉన్నాయా నాయనా, తీసేశారా?" అని అడిగారు. ఉన్నాయమ్మా అన్నాను. కొత్తిమీర కట్ట సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు.

నిన్న జూబ్లీ హిల్స్‌లో సంతాప సభ. అయిదింటికన్నారు. ముఖ్య అతిథి ఆరున్నరకు వచ్చారు. అందాకా టైముకు వచ్చిన మేమంతా ఖాళీ వేదికను చూస్తూ కూర్చున్నాం. ఒకాయన ఆమెను తలుచుకుంటానని లేచి తన సినిమా వందరోజుల కథ చెప్పుకున్నాడు. రెండు నిమిషాల మౌనం అర నిమిషంలో ముగిసింది. ఎవరి సభ ఇది? సిగ్గుండక్కర్లేదా? ఆఖరున ప్రెసిడెంటు గారు తీర్మానం చదివారు. అందులోనూ అదే మాట, స్వచ్ఛందంగా. "అందరికీ సమ్మతమేనా? సరే అనండి" అన్నారు.

నేను లేచాను. "సమ్మతం గాదు సార్. ఆమె తప్పుకోలే, మనమే తీసేసినం. ఆ దినం అరిసింది ఆరుగురమే. అండ్ల నేనొకణ్ణి. ఆ మాట మార్చి రాయుండ్రి."

"పాత సంగతులు ఇప్పుడెందుకయ్యా? కూర్చో."

"కూసోను. చీటీలు పెట్టుండ్రి."

మైకు నా దాకా రాలేదు. నాకెందుకు మైకు? హాలు చివరిదాకా వినబడేలా, నా ఒక్క గొంతుతో, మొత్తం చెప్పాను. ఆరుగురిలో ఇంకొకాయన లేచి, "నేను కూడా" అని కూలబడిపోయాడు. మిగతా నలుగురు చెప్పులు చూసుకుంటూ కూర్చున్నారు. తీర్మానం అక్షరం మారకుండా పాసయింది. మినిట్స్ పుస్తకం వాళ్ళ చేతిలో ఉంది, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆ మూజువాణి ఓటు రోజు, హోరు లేవగానే హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఆమె చూడలేదు. పెన్ను పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి బల్ల మీద ఉంచి విన్నారు. మేం ఎన్ని వేషాలు వేసినా మా ఒక్కొక్కరి గొంతూ ఆమెకు తెలుసు. వింటూ వింటూ ఒక్కో వేలూ మడిచారు. అయిదూ ముడుచుకున్నాక ఎడమచెయ్యి బల్ల మీదికి వచ్చింది. దాని బొటనవేలు మడిచి, కళ్ళు తెరిచి, నేరుగా నా వైపు చూశారు.