మన తోటలవాళ్ళ వరకే

మా మిద్దెతోటల ఆన్‌లైన్ గ్రూపులో ఆవిడ పేరు తెలియనివాళ్ళు లేరు. ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. ప్రొఫైల్లో తన ఫొటోకి బదులు ఒక తెల్ల వంకాయ బొమ్మ పెట్టుకుంది. ఉండేది జంగారెడ్డిగూడెం పక్కన ఒక పల్లెలో. ఎవరు ఏ విత్తనం అడిగినా తన దగ్గర ఉంటే పంపేసేది. పోస్టు ఖర్చులు ఇస్తామన్నా తీసుకునేది కాదు. పాత క్యాలెండరు కాగితాలతో మడిచిన చిన్న పొట్లాలు వచ్చేవి. వాటి మీద గుండ్రటి అక్షరాలతో ‘పొట్టి బీర. ఎండ బాగా తగలాలి’, ‘చిక్కుడు. ఒక పూట నానబెట్టండి’ అని రాసి ఉండేది. పాలకొల్లులో మా డాబా మీద కాసిన మొదటి బీరకాయ ఆవిడ పంపిన విత్తనానిదే.

నేను ముప్ఫై ఏళ్ళు తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. కాలక్షేపానికి మొక్కలు మొదలుపెట్టి, ఆ గ్రూపులో చేరి, రెండేళ్ళు తిరక్కుండా అడ్మిన్‌నయ్యాను. పోస్టులు బాగా రాస్తానని నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు ఇష్టంగా కూడా ఉండేది. జరిగింది చెప్పే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

ఒక వేసవిలో ఆవిడ పది రోజులపాటు గ్రూపులో కనబడలేదు. అటువైపే ఉండే ఇంకో సభ్యురాలు ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆవిడ భర్త పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి వెళ్తాడు. పొడవాటి గెడకి కట్టిన కొడవలితో కోస్తుండగా గెల తెగి నేరుగా ఆయన మెడ మీద పడింది. వెన్నుపూస దెబ్బతింది. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నారు. మర్నాడే బస్సెక్కాను.

నర్సు చూపించిన చోట, మూడో అంతస్తు వరండాలో, ఆవిడ గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. నలభై దాటి ఉండవు. నేనెవరో చెప్పగానే గబుక్కున లేచి నిలబడింది.

‘‘అయ్యో, టీచరు గారా! ఇంత దూరం మీరెందుకొచ్చారండీ?’’

ఆపరేషన్ గురించి అడిగాను. ఆరోగ్య కార్డు మీద కొంత వస్తుందనీ, రాడ్లకీ మిగతా వాటికీ చేతి నుంచి పెట్టుకోవాలనీ చెప్పింది. అడగడానికి వచ్చిన మనిషిలా కాదు, ఏదో పద్దు చదువుతున్నట్టు చెప్పింది.

‘‘గ్రూపులో చెప్తాను. అందరం తలా కొంచెం వేసుకుంటాం’’ అన్నాను.

‘‘వద్దండి. ఎలాగో చూసుకుంటాం.’’

‘‘మీ విత్తనాలు తీసుకోనివాళ్ళు మాలో ఎవరున్నారు? మాకు ఆ మాత్రం హక్కు లేదా?’’

కాసేపు నేల వైపు చూసింది. ‘‘మన తోటలవాళ్ళ వరకే అయితే సరేనండి’’ అంది.

అదీ ఆవిడ ఇచ్చిన అనుమతి.

వెళ్ళొస్తానని చెప్పి మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగాను. ఆవిడ మళ్ళీ గోడ దగ్గర కూర్చుంది. ఒళ్ళో ఇడ్లీ పొట్లం విప్పి ఉంది. తినడం లేదు. ఒక చెయ్యి నుదుటి మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను ఫోన్ తీశాను. మా ఇద్దరి మధ్య పది అడుగుల దూరం. అడగొచ్చు. అడిగితే లేచి, పొట్లం పక్కన పెట్టి, చీర సర్దుకుని నిలబడుతుంది. ఆ ఫొటో ఎవరినీ కదిలించదు. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఇదేనని ఈరోజుకీ గుర్తుంది. అడగకుండానే తీసుకున్నాను.

రావులపాలెం దాటేలోగా బస్సులోనే పోస్టు రాసేశాను. ‘చేతిలో చిల్లిగవ్వ లేదు, తలదాచుకోను గూడు లేదు, చదువుకుంటున్న ఆడపిల్లకి దిక్కు లేదు’ అని మొదలుపెట్టాను. వాళ్ళకి ఇల్లుందో లేదో నేను అడగలేదు. కూతురు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతోందని మాత్రమే తెలుసు. మూడు ‘లేదు’లు వరసగా పడితే వాక్యానికి నడక వచ్చింది. అందుకని ఉంచేశాను. కింద ఆవిడ రాసిచ్చిన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, పైన ఆ ఫొటో.

గంటలోనే మెసేజ్‌లు మొదలయ్యాయి. ‘‘ఏడిపించేశారు మేడమ్.’’ ‘‘పబ్లిక్‌లో పెట్టండి, మా ఆఫీసులో కూడా షేర్ చేస్తాం.’’ పబ్లిక్‌లో పెట్టాను. తోటలవాళ్ళ వరకే అన్న మాట గుర్తు రాకపోలేదు. కానీ అటువైపు ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషి ఉంటే, ఈ మాట పట్టుకుని ఆగడం చాదస్తంలా తోచింది. మూడో రోజుకి కావలసినంత వచ్చేసింది. ఆపరేషన్ జరిగింది. మంచి పని చేశానన్న తృప్తితో ఎంతమంది షేర్ చేశారో రోజుకి పదిసార్లు చూసుకున్నాను.

వారం తరవాత ఆ పోస్టు కింద ఒక కామెంటు వచ్చింది. రాసినవాళ్ళెవరో నాకు తెలియదు. ‘వీళ్ళది మా పక్క ఊరే. సొంత ఇల్లుంది. జీడిమామిడి తోట ఉంది. జనాన్ని మోసం చేయడం బాగా నేర్చారు.’

ఇల్లంటే రెండు గదుల ప్రభుత్వ కాలనీ ఇల్లు. తోటంటే అరెకరం. అందులో సగం చెట్లు ముసలివి. ఆ వివరాలు నాకు తరవాత తెలిశాయి. కానీ ఇల్లు లేదని రాసింది నేను. అబద్ధమాడిందన్న పేరు ఆవిడకి వచ్చింది. డబ్బు పంపినవాళ్ళు బిల్లులు అడగడం మొదలుపెట్టారు. ఇంకా గుచ్చి అడిగినవాళ్ళూ ఉన్నారు. ఇంజనీరింగ్ కాలేజీ ఫీజు ఎలా కడుతున్నారన్నారు. ఆవిడ చేతిలో ఉన్న ఫోన్ ఖరీదెంతన్నారు.

అప్పుడు నేను లేచి, ఆ మాట నాదని చెప్పి ఉండాల్సింది. చెప్పాను కానీ, ‘సమాచార లోపం వల్ల’ అని మొదలుపెట్టి చెప్పాను. ఎవరి లోపమో అందులో లేదు. ఆ తరవాత ఆవిడకి ఫోన్ చేసి, ‘‘అందరి నోళ్ళూ మూయించడానికి బిల్లులు పెడదామమ్మా. ఏమీ అనుకోకండి’’ అన్నాను.

‘‘పెడతానండి’’ అంది.

ఆ సాయంత్రం నుంచి బిల్లుల ఫొటోలు వచ్చాయి. మందులవి, స్కానింగువి, మంచం అద్దెవి. నేను అడగని చీటీలు కూడా. ఆసుపత్రి క్యాంటీన్ చీటీ ఒకదాని మీద మూడు పద్దులున్నాయి. రెండు ఇడ్లీ, ఒక పాలు, ఒక కొబ్బరిబొండం. కొబ్బరిబొండం మీద పెన్నుతో గీత కొట్టి, పక్కన ఆ గుండ్రటి అక్షరాలతోనే ‘ఇది నేను తాగాను, నా డబ్బులు’ అని రాసింది.

దాన్ని గ్రూపులో పెట్టలేకపోయాను. మిగతావన్నీ పెట్టాను. రెండు రోజులకి విమర్శలు ఆగిపోయాయి. అదే వారం ఆవిడ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయినట్టు చాలామందికి తెలియను కూడా తెలియలేదు. వర్షాలు మొదలయ్యాక ‘ఈసారి విత్తనాలు పంపడం లేదేంటి’ అని ఎవరో అడిగారు.

ఏడాది గడిచింది. ఒకరోజు మా వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫార్వర్డ్ వచ్చింది. ఆవిడ ఫొటో, నా వాక్యాలు. కింద ఖాతా నంబరు మాత్రం ఆవిడది కాదు. ఎవరో మోసగాడు నంబరు మార్చి అడుక్కుంటున్నాడు. పాత పోస్టు నేను ఎప్పుడో తీసేశాను. తీసేస్తే పోతుందనుకున్నాను.

ఆవిడకి ఫోన్ చేస్తే ఆ నంబరు వాడకంలో లేదని వినబడింది. వెళ్ళి చెప్పాలనిపించింది. భీమవరంలో ఒక బస్సు, తాడేపల్లిగూడెంలో ఒక బస్సు మారి, జంగారెడ్డిగూడెంలో దిగి, ఆవిడ పొట్లాల కవరు మీది అడ్రసు పట్టుకుని ఆటోలో వెళ్ళాను. 

ఆవిడ భర్త వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన వాకర్. నన్ను చూసి లేవబోయాడు.

‘‘రండమ్మా, రండి. మీ దయవల్ల రోడ్డు మలుపు దాకా నడుస్తున్నానండి’’ అంటూ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ చేతుల్ని ఎలా ఆపాలో నాకు తెలియలేదు.

లోపల్నుంచి ఆవిడ వచ్చి కుర్చీ వేసింది. నేను ఫార్వర్డ్ సంగతి చెప్పాను.

‘‘మీకు ఇప్పుడు తెలిసిందాండీ?’’ అంది మామూలుగానే. ‘‘మాకు సంక్రాంతికి ముందే తెలిసిందండి. మా అమ్మాయీ నేనూ వెళ్ళి కంప్లైంట్ ఇచ్చాం. ఒకచోట ఆపితే ఇంకోచోట లేస్తుందన్నారు. ఫోన్లు కూడా చేసేవారండి. కొంతమంది సాయం చేస్తామని చేసేవారు. కొంతమంది వేరేగా మాట్లాడేవారు. అందుకే నంబరు మార్చేశాను.’’

కూతురు కాఫీ తెచ్చింది. నా వైపు చూడకుండా గ్లాసు స్టూలు మీద పెట్టింది. తండ్రి సంబరంగా, ‘‘ఈవిడేనమ్మా టీచరు గారు. మనకోసం అంతా రాసింది ఈవిడే’’ అన్నాడు.

‘‘తెలుసు నాన్నా. ఈవిడ రాసింది నాకు కంఠతా వచ్చు’’ అంది ఆ పిల్ల. ఆపైన నా వైపు తిరిగింది. ‘‘చిల్లిగవ్వ లేదు, గూడు లేదు, ఆడపిల్లకి దిక్కు లేదు. మూడోది నేనే కదండీ?’’

గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టే ఉంది. నేను అవునని తలూపాను. తను లోపలికి వెళ్ళిపోయింది. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత పద్యాలు కంఠతా పట్టించినదాన్ని. నా వాక్యం ఒకటి ఒక పిల్ల నోటికి వచ్చిందంటే తల దించుకోవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆటో ఎక్కించడానికి ఆవిడ నాతో రోడ్డు దాకా వచ్చింది. అమ్మాయి కాలేజీకి వెళ్ళడం లేదా అని అడిగాను.

‘‘మానేసిందండి. క్లాసులో పిల్లలు మంచివాళ్ళే. ఆ ఫొటో చూసి తలా వందో రెండొందలో వేసుకుని, కవరులో పెట్టి, లెక్చరరు గారి చేత ఇప్పించారంట. అందరూ చప్పట్లు కొట్టారంట. ఇది థాంక్స్ చెప్పి, కవరు తెచ్చి నా చేతిలో పెట్టి, ఇంక వెళ్ళనంది. ఎంత చెప్పినా వినలేదు. ఇప్పుడు ఇక్కడే డిగ్రీకి ప్రైవేటుగా కడుతోందండి.’’

‘‘తప్పు నాది’’ అన్నాను. ‘‘ఫొటో తీసేముందు మిమ్మల్ని అడగలేదు. అందరిలో పెట్టేముందు అడగలేదు. తెలియని సంగతి తెలిసినట్టు రాశాను.’’

ఆవిడ ఆటో వస్తోందేమోనని రోడ్డు చివరి దాకా చూసింది.

‘‘మీరు పోగు చేసి ఉండకపోతే ఆయన మంచంలోనే ఉండేవారండి. అది నేను రోజూ అనుకుంటాను. అందుకని మిమ్మల్ని ఒక్క మాట అనలేనండి. అనలేకపోవడమే కష్టంగా ఉంటుందండి.’’

ఆటో వచ్చింది. జాగ్రత్తగా వెళ్ళమంది. కొత్త నంబరు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చాక గ్రూపులో క్షమాపణ రాద్దామని కూర్చున్నాను. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ బాగా వచ్చింది. చదివితే కళ్ళు చెమర్చేటట్టుంది. జనం మెచ్చుకుంటారని తెలిసిపోయింది. చెరిపేశాను. ‘ఇల్లు లేదన్నది నేను కల్పించిన మాట, ఆవిడ చెప్పింది కాదు’ అని ఒక్క ముక్క పెట్టి, అడ్మిన్‌గా తప్పుకున్నాను. దానికి ఎవరో ఇద్దరు దండం బొమ్మ పెట్టారు. మిగతావాళ్ళు ఆ పూట బెండ మొక్కల తెగులు గురించి మాట్లాడుకుంటున్నారు.

మొన్న కొత్త అడ్మిన్ ఫోన్ చేసింది. ఒక సభ్యురాలి మనవడికి గుండె ఆపరేషనట. ‘‘మీరు నాలుగు ముక్కలు రాస్తే కదులుతారండి’’ అంది. ముందు ఆ పిల్లాడి తల్లిని అడిగారా, ఏం రాయొచ్చో, ఏది రాయకూడదో కనుక్కున్నారా అన్నాను. ‘‘టైము లేదు మేడమ్’’ అంది. తల్లి నంబరు ఇస్తే నేనే మాట్లాడతానన్నాను. నేను ఆ నంబరుకి రింగు చేస్తూ ఉండగానే పోస్టు వచ్చేసింది. గొట్టాలతో మంచం మీద ఉన్న పిల్లాడి ఫొటో. నేను కళ్ళు పక్కకి తిప్పుకుని, ఖాతా నంబరు మాత్రం కాగితం మీద రాసుకుని, డబ్బు పంపాను.