తువాలు కింద ధర

మా కళ్యాణదుర్గంలో రంజాన్ ముప్పై ఏళ్లు ఎద్దుల బేరాలు కుదిర్చాడు. తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టి ధర చెప్పుకునే పద్ధతి. ఒక వేలు పడితే వెయ్యి, ఐదూ పడితే ఐదు వేలు; పదివేల లెక్కయితే ముందే నోటితో 'పదులు' అనాలి. ఒకరు చెప్పిన ధర ఇంకొకరి చెవిన వేయకూడదన్నది ఆ సంత నీతి. రంజాన్ దాన్ని ఒక్కసారీ తప్పలేదు.

వరసగా వానలు మొహం చాటేశాక ఎద్దులను అమ్మేవాళ్లే గాని కొనేవాళ్లు లేకపోయారు. రెండువేల మూడులో అతను ఇళ్ల బేరాలు మొదలుపెట్టాడు. తువాలు మాత్రం భుజం మీదే ఉంది.

ఆ ఏడే ఈరప్ప బాడుగకున్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. ముందు గదిలో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగు, వెనక గదిలో కాపురం. పన్నెండేళ్లుగా చుట్టుపక్కల రైతులకు ఆ వాకిలే గుర్తు. అది పోతే బతుకు మళ్లీ మొదటికి వస్తుంది. బళ్లారిలో ఉండే యజమాని బేరం రంజాన్‌కు అప్పగించాడు. ఈరప్ప తువాలు కింద ఎనభై వేలు చెప్పి, ఇంకెవరైనా అడుగుతున్నారా అన్నాడు.

"అది చెప్పేది కాదప్పా. నీ ధర ఇంకొకరికి చెప్తే నీకు బాగుంటాదా?" అన్నాడు రంజాన్.

ఎవరూ లేరు కాబోలనుకున్నాడు ఈరప్ప. ఎరువుల అంగడి ముత్యాలప్ప అప్పటికే అంతకన్నా ఎక్కువ చెప్పి ఉన్నాడు. వారంలో ఇల్లు ఆయన పేరున రిజిస్ట్రేషన్ అయిపోయింది. రంజాన్ అబద్ధమాడలేదు, కమీషన్ మీద పైసా ఎక్కువ తీసుకోలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. మోసం చేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్లం.

సామాను బండికెక్కించే రోజు రంజాన్ సాయానికి వచ్చాడు. ఈరప్ప భార్య తిమ్మక్క అతని మొహం చూడలేదు. కొత్త గది ఊరి చివర సందులో, రైతులకు కనబడని చోట దొరికింది. చివరి మోటారు బండెక్కాక ఈరప్ప అతని దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడన్నా చెప్పన్నా. ఆయప్ప ఎంత ఎక్కువిచ్చినాడు?"

బేరం ముగిసింది గనుక చెప్పవచ్చు.  రంజాన్ తువాలు కప్పి, ఈరప్ప వేలొకటి పట్టుకున్నాడు.

ఈరప్ప చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తువాలు కిందే రంజాన్ వేళ్లు ఐదూ కలిపి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంకా ఇంత ఉండె నా తావ," అన్నాడు.